పిల్లలకు మొత్తం, భాగం నేర్పడం: చింతపిక్కల నుంచి భిన్నాల దాకా

మూడో తరగతి దాకా లెక్కల్లో హుషారుగా నడిచిన పిల్లలు భిన్నాల దగ్గరికి వచ్చేసరికి చతికిలబడడం చాలామంది ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు చూసే ఉంటారు. అప్పటిదాకా నాలుగు మూడుకన్నా పెద్దది. ఇప్పుడు నాలుగో వంతు మూడో వంతుకన్నా చిన్నదంటున్నారు. అప్పటిదాకా రెండు అంకెలు కనిపిస్తే రెండు సంఖ్యలు. ఇప్పుడు గీతకు పైన ఒకటి, కింద ఒకటి రాసి, రెండూ కలిపి ఒకే సంఖ్య అంటున్నారు. ఈ తికమకకు మూలం భిన్నాల పాఠంలో వెతికితే దొరకదు. అంతకు నాలుగైదేళ్ళ ముందు వేయవలసిన పునాదిలో ఉంటుంది. ఒక మొత్తం భాగాలుగా విడిపోతుందనీ, ఆ భాగాలు కలిస్తే మళ్ళీ అదే మొత్తం వస్తుందనీ, ఏ భాగం గురించి మాట్లాడినా అది దేనిలో భాగమో ముందు తేలాలనీ పిల్లల చేతికీ, కంటికీ, నోటికీ అలవాటు కావాలి. ఈ మూడు సంగతుల్లో చివరిదే, అంటే దేనిలో భాగమో తేల్చుకోవడమే, అన్నిటికన్నా ముఖ్యం, బడిలోనైనా ఇంట్లోనైనా అందరూ వదిలేసేదీ అదే.

నాలుగేళ్ళ వయసు నుంచి తొమ్మిదేళ్ళ దాకా ఈ అలవాటును ఏ క్రమంలో చేయించాలో ఇక్కడ వివరిస్తున్నాను. కావలసిన సామగ్రి గోదావరి డెల్టాలో ఏ ఇంట్లోనైనా దొరికేదే: చింతపిక్కలు, కొబ్బరి ఈనెలు, అరటిపళ్ళు, పాత దినపత్రికలు, ఒక దిబ్బరొట్టె. బజారులో అమ్మే రంగురంగుల ప్లాస్టిక్ ముక్కల పెట్టెలు కొనవలసిన పని లేదు. పైగా వాటితో ఒక ఇబ్బంది కూడా ఉంది. ఎర్రముక్క అర, నీలంముక్క పావు అని పిల్లలు రంగును గుర్తుపెట్టుకుంటారు గాని, అది ఎంత భాగమో పట్టించుకోరు. అదే ముక్కను మరో రంగులో ఇస్తే గుర్తుపట్టలేరు.

నాలుగైదేళ్ళ వయసు: మొత్తానికి పేరు పెట్టించడం

ఈ వయసులో అంకెలు అక్కరలేదు. కళ్ళెదుట ఉన్న వస్తువును చూపి అందులో ఏమేమి ఉన్నాయో చెప్పించడం చాలు. కోనసీమలో పెరటి గుమ్మం దాటితే కొబ్బరిచెట్టు కనిపిస్తుంది కనుక దానితోనే మొదలుపెట్టవచ్చు. చెట్టుకు మాను, మట్టలు, గెలలు భాగాలు. రాలిపడిన మట్టను ముందు వేసుకుని చూస్తే ఆ మట్టకు ఆకులు భాగాలు, ఆకును చీలిస్తే మధ్యలో ఈనె ఉంటుంది. చెట్టు దగ్గర భాగమైన మట్ట, ఆకు దగ్గరికి వచ్చేసరికి మొత్తమైంది. ఇదే సంగతి అరటితో ఇంకా తేలికగా తెలుస్తుంది. రావులపాలెం అరటి మార్కెట్టుకు గెలలు వస్తాయి, గెలను అత్తాలుగా కోస్తారు, ఇంట్లో అత్తం నుంచి ఒక్కొక్క పండు తుంచుకుంటాము. అత్తం గెలలో భాగం. పండు అత్తంలో భాగం.

ప్రతి వస్తువు దగ్గరా రెండు ప్రశ్నలు అడగాలి. "ఇందులో ఏమేమి ఉన్నాయి?" అన్నది మొదటిది. "ఇది దేనిలో భాగం?" అన్నది రెండోది. పెద్దవాళ్ళం మొదటిదే అడిగి ఊరుకుంటాము. భిన్నాల్లో పనికివచ్చేది మాత్రం రెండోది.

పిల్లలకు ఈ వయసులో భాగాన్నీ మొత్తాన్నీ ఒకేసారి మనసులో ఉంచుకోవడం సహజంగానే కష్టం. స్విట్జర్లాండ్‌కు చెందిన మనస్తత్వవేత్త జాఁ పియాజే పిల్లల ముందు చెక్కపూసలు పోసి, వాటిలో ఎక్కువ గోధుమరంగువి, కొద్దిగా తెల్లవి ఉండేలా చూసి, "గోధుమరంగు పూసలు ఎక్కువా, చెక్కపూసలు ఎక్కువా?" అని అడిగాడు. దాదాపు ఏడేళ్ళ లోపు పిల్లలు గోధుమరంగువే ఎక్కువ అని చెప్పేవారు. పూసలన్నీ చెక్కవే అని వాళ్ళకు తెలియక కాదు. మొత్తాన్ని భాగంతో పోల్చమంటే, వాళ్ళు ఒక భాగాన్ని రెండో భాగంతో పోలుస్తున్నారు. కడియం నుంచి వచ్చిన పువ్వులతో ఇది మీ ఇంట్లోనే చేసి చూడవచ్చు. ఆరు బంతిపువ్వులు, రెండు చామంతులు బుట్టలో వేసి, "బంతిపువ్వులు ఎక్కువా, పువ్వులు ఎక్కువా?" అని అడగండి. "బంతిపువ్వులే" అంటే తప్పని కసరవద్దు. "సరే అమ్మా, బంతిపువ్వులన్నీ బయటికి తియ్యి. బుట్టలో ఇంకా పువ్వులున్నాయా?" అని అడిగి వదిలేయండి. కొన్నాళ్ళ తరువాత మళ్ళీ అడగండి. ఇది చెబితే వచ్చేది కాదు, వయసుతోనూ అనుభవంతోనూ వచ్చేది. ఈ ఒక్క ప్రశ్నకు సరైన జవాబు రాలేదని తరువాతి మెట్టు ఆపనక్కరలేదు.

ఐదారేళ్ళ వయసు: సంఖ్యను విడదీయడం

భాగం, మొత్తం అనగానే మనకు రొట్టె ముక్కలూ భిన్నాలూ గుర్తుకొస్తాయి గాని, పిల్లలకు వాటికన్నా ముందు అందేది సంఖ్య. ఐదు అనేది మూడు, రెండు కలిసిన మొత్తం. ఈ సంగతి గట్టిగా నాటుకున్న పిల్లలకు కూడిక, తీసివేతలు రెండు వేరువేరు పాఠాలుగా కనిపించవు.

దీనికి చింతపిక్కలను మించిన సాధనం నాకు తెలియదు. పిక్కను గరుకుగా ఉన్న గచ్చు మీదో రాయి మీదో ఒక పక్క అరగదీస్తే పైతొక్క పోయి లోపలి తెలుపు బయటపడుతుంది. రెండో పక్క ముదురు గోధుమరంగులోనే ఉంటుంది. పచ్చీసు ఆడినవారికి ఇది తెలిసిన పనే. అరగదీసే పని పిల్లల చేతనే చేయించండి, వేళ్ళకు కాస్త సత్తువ కూడా వస్తుంది. (మరీ చిన్నపిల్లలు పిక్కలను నోట్లోనో ముక్కులోనో పెట్టుకోకుండా పక్కనే ఉండి చూసుకోవాలి.) ఇలా ఐదు పిక్కలు తయారయ్యాక ఆట మొదలవుతుంది. ఐదింటినీ గుప్పిట్లో గలగలలాడించి నేల మీద వేయాలి. "తెల్లవి ఎన్ని? నల్లవి ఎన్ని? మొత్తం ఎన్ని?" అని అడగాలి.

మొదట్లో పిల్లలు మూడో ప్రశ్నకు ప్రతిసారీ మళ్ళీ ఒకటి నుంచి లెక్కపెడతారు. లెక్కపెట్టనివ్వండి. కొన్నాళ్ళ ఆటలో, వేసిన పిక్కల వంక చూడనైనా చూడకుండా, "ఐదే కదండీ, అవే పిక్కలు కదా" అనే రోజు వస్తుంది. ఆ మాట కోసమే ఈ ఆట. భాగాలు ఎలా మారినా మొత్తం మారదని ఆ పిల్లకు తెలిసిపోయింది. ఆ రోజు వచ్చేదాకా పిక్కల సంఖ్య పెంచకూడదు.

తరువాత పడిన ప్రతి పద్ధతినీ పలక మీద చుక్కలుగా గీయించాలి. ఐదింటిని రెండు రంగులుగా విడదీసే పద్ధతులు ఆరు: అన్నీ తెల్లవి, నాలుగు–ఒకటి, మూడు–రెండు, రెండు–మూడు, ఒకటి–నాలుగు, అన్నీ నల్లవి. ఆరూ దొరికాయా, ఇంకా ఏమైనా మిగిలాయా అని పిల్లలే వెతుక్కోవాలి. అన్నీ తెల్లవే పడినప్పుడు "మరి నల్లవి ఎన్ని?" అని తప్పకుండా అడగండి. సున్నా కూడా ఒక భాగం కాగలదని పిల్లలకు తెలిసేందుకు ఇంతకన్నా మంచి సందర్భం దొరకదు.

ఇక దాచే ఆట. ఐదు పిక్కలు చూపించి, పిల్లవాణ్ణి కళ్ళు మూసుకోమని, కొన్నిటిని కొబ్బరిచిప్ప కింద బోర్లించి దాచాలి. మూడు బయట కనిపిస్తున్నాయి. చిప్ప కింద ఎన్ని? తీసివేత గుర్తు ఎరగని పిల్లలు కూడా దీనికి జవాబు చెబుతారు, ఎందుకంటే వాళ్ళు ఏదీ తీసివేయడం లేదు, మొత్తమూ ఒక భాగమూ తెలిసి రెండో భాగాన్ని వెతుకుతున్నారు. చిప్ప ఎత్తి చూసుకునే సంబరం వాళ్ళకే వదలండి. "ఒప్పు", "తప్పు" అని మీరు చెప్పనే అక్కరలేదు.

ఐదు పట్టుబడ్డాక ఆరు, ఏడు అలా పది దాకా పెంచాలి. పది దగ్గర ఎక్కువ కాలం ఆగడం మంచిది. ఎనిమిదికీ ఐదుకూ కూడిక చెప్పమన్నప్పుడు, పది గట్టిగా వచ్చిన పిల్లవాడు ఐదును రెండు, మూడుగా విడదీసి, ఆ రెండును ఎనిమిదికి చేర్చి పది చేసి, మిగిలిన మూడుతో పదమూడు అంటాడు. రానివాడు వేళ్ళ మీద తొమ్మిది, పది, పదకొండు అని పాకుతాడు. ఇద్దరికీ జవాబు ఒకటే వచ్చినా, రెండంకెల లెక్కల్లోకి వచ్చేసరికి తేడా బయటపడుతుంది.

పుస్తకంలో రాసేటప్పుడు ఒక పెద్ద గడి, దాని కింద సరిగ్గా అంతే వెడల్పులో ఆనుకుని రెండు చిన్న గడులు గీస్తే చాలు. పైన మొత్తం, కింద భాగాలు. ఐదు, మూడు, రెండు రాసిన ఒకే బొమ్మ నుంచి 3 + 2 = 5, 2 + 3 = 5, 5 − 3 = 2, 5 − 2 = 3 అనే నాలుగు వాక్యాలూ పిల్లలే రాబట్టగలరు.

మాటల లెక్కలకు కూడా ఈ బొమ్మే దారి చూపిస్తుంది. "కలిపి అని ఉంటే కూడాలి, మిగిలాయి అని ఉంటే తీసివేయాలి" అని బట్టీ పట్టించే అలవాటు మన బడుల్లో బాగా ఉంది. ఆ అలవాటు మానుకోవాలని నా గట్టి అభిప్రాయం. "అక్క తన దగ్గరున్న జామకాయల్లో తమ్ముడికి 4 ఇచ్చాక 7 మిగిలాయి. మొదట ఎన్ని ఉన్నాయి?" అన్న లెక్కలో "మిగిలాయి" అనే ఉంది, చేయవలసింది మాత్రం కూడిక. అందుకే లెక్క చదవగానే పిల్లలను అడగవలసింది, "మనకు తెలిసింది మొత్తమా, భాగమా?" అని. ఇక్కడ రెండు భాగాలూ తెలుసు, మొత్తం తెలియదు. పై గడి ఖాళీ. అంతటితో లెక్క సగం అయిపోయినట్టే.

మూడో తరగతి పిల్లలకు ఇదే బొమ్మను ధవళేశ్వరం బ్యారేజీతో చేయించవచ్చు. కాటన్ దొర 1847–1852 మధ్య కట్టించిన పాత ఆనకట్ట బదులు ఇప్పుడున్న బ్యారేజీకి మొత్తం 175 గేట్లు. గోదావరి మధ్యనున్న లంకల వల్ల అది నాలుగు భాగాలుగా ఉంది: ధవళేశ్వరం వైపు 70, ర్యాలి వైపు 43, విజ్జేశ్వరం వైపు 39 గేట్లు. మద్దూరు వైపు ఎన్ని? పెద్ద గడి కింద నాలుగు చిన్న గడులు గీసి, ఒకటి ఖాళీగా ఉంచితే, ఏది కూడాలో దేనిలోంచి తీయాలో ఎవరూ చెప్పకుండానే 23 అని తేలుతుంది. గడుల వెడల్పు కూడా గేట్ల సంఖ్యను బట్టి ఎక్కువ తక్కువలుగా గీయిస్తే ఇంకా మంచిది, దాని అవసరం ముందు ముందు వస్తుంది.

ఆరేడేళ్ళ వయసు: సమానంగా పంచడం

ఇంతవరకూ భాగాలు ఎలా ఉన్నా పరవాలేదు. ఇప్పుడు అవి సమానంగా ఉండాలన్న షరతు పెట్టాలి. పిల్లలకు ఈ షరతు కొత్తదేమీ కాదు. అన్నకు ఒక అరిసె ఎక్కువ పడితే చెల్లెలు ఎంత గోల చేస్తుందో తెలిసిందే. ఎనిమిది అరిసెలను ఇద్దరికి, తరువాత నలుగురికి, నీకొకటి నాకొకటి అంటూ పంచమనండి. ఆ తరువాత ఐదు అరిసెలిచ్చి ఇద్దరినీ పంచుకోమనండి. తలా రెండు తీసుకున్నాక ఒకటి మిగులుతుంది. కొందరు పిల్లలు దాన్ని అమ్మకు ఇచ్చేద్దామంటారు, అదీ తెలివైన జవాబే. మరొకరు దాన్ని తుంచుదామంటారు. అర అనేది అలా అవసరం కొద్దీ పుట్టాలి. తలా రెండున్నర అన్న మాట పిల్లలు అప్పుడే అనేస్తారు; దాన్ని రాయించడానికి తొందరపడకండి.

అర అంటే ఏమిటి, ఏది కాదు

ఇక్కడ నిదానంగా నడవాలి. దిబ్బరొట్టె ఈ పాఠానికే పుట్టినట్టు ఉంటుంది. మూకుడులో మినపపిండి పోసి మూతపెట్టి సన్నటి సెగ మీద కాల్చిన రొట్టె గుండ్రంగా ఉంటుంది, మూకుడు పల్లం వల్ల మధ్యలో మందంగానూ అంచుల దగ్గర పలుచగానూ వస్తుంది, కరకరలాడే అంచు కోసం పిల్లలు పోట్లాడుకుంటారు. దాన్ని నలుగురికి సమానంగా పంచమంటే మొదట చాలామంది పిల్లలు బ్రెడ్డు కోసినట్టు అడ్డంగా మూడు కోతలు కోస్తారు. ముక్కలు నాలుగే వచ్చాయి. కాని చివరి రెండు ముక్కలకు అంచు ఎక్కువ, పొట్టభాగం తక్కువ. మధ్య రెండింటికీ పొట్టభాగం ఎక్కువ. ఎవరికి ఎక్కువ వచ్చిందన్న వాదన మీరు రాజేయక్కరలేదు, దానంతట అదే రాజుకుంటుంది. ఆ వాదనలోనే, కోత రొట్టె నడిమధ్య నుంచి పోతే అంచూ పొట్టా అందరికీ ఒకే తీరుగా వస్తాయని ఎవరో ఒకరు కనిపెడతారు. అలా కనిపెట్టినది మీరు పదిసార్లు చెప్పినదానికన్నా బాగా నిలుస్తుంది.

ఇద్దరే ఉంటే ఒక నియమం పెట్టండి: కోసినవారు చివర తీసుకోవాలి. అక్క కోస్తుంది, తమ్ముడు ముందు ఏరుకుంటాడు. ఆ ఒక్క నియమంతో కోత ఎంత జాగ్రత్తగా పడుతుందో చూడండి.

అర ఏదో చూపడంతో పాటు అర కానిది ఏదో కూడా చూపాలి. గుళ్ళో కొబ్బరికాయ కొడితే రెండు చెక్కలవుతుంది. రెండు చెక్కలే గాని, కన్నులున్న చెక్క ఒక పరిమాణం, రెండోది మరొకటి. రెండింటినీ త్రాసులో వేసి చూపించండి. రెండు భాగాలు కావడం వేరు, రెండు సగాలు కావడం వేరు. ఇందాక గడులు గీసిన బ్యారేజీని మళ్ళీ తెరిచి చూపిస్తే అదే మాట నాలుగుకు వర్తిస్తుంది: అవి నాలుగు భాగాలే కాని నాలుగు పావులు కావు. ధవళేశ్వరం గడి ఒక్కటే మద్దూరు గడికి మూడింతలంత ఉంది.

తరువాత కాగితం. దినపత్రికలో ఒకే కొలత గల దీర్ఘచతురస్రపు ముక్కలు కత్తిరించి, సగానికి ఎన్ని రకాలుగా మడవగలరో చూడమనండి. నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి తేలికే. మూల నుంచి ఎదురు మూలకు గీత గీసినప్పుడే అసలు ప్రశ్న వస్తుంది. ఆ గీత వెంట మడిస్తే ఒక సగం రెండోదాని మీద సరిగ్గా కూర్చోదు, మూలలు బయటికి పొడుచుకొస్తాయి. అందుకని పిల్లలు అది అర కాదంటారు. కత్తెరతో గీత వెంట కత్తిరించి, ఒక త్రిభుజాన్ని తిప్పి రెండోదాని మీద పెట్టమనండి. అంచుకు అంచు సరిపోతుంది. ఆ తరువాత నిలువు సగాన్నీ త్రిభుజపు సగాన్నీ పక్కపక్కన పెట్టి, "ఈ రెండింటిలో ఏది ఎక్కువ?" అని అడగండి. ఆకారాలు వేరు. అయినా ఒకే కాగితంలో రెండూ సగమే. ఈ ప్రశ్న దగ్గర పెద్దవాళ్ళు కూడా ఒక్క క్షణం ఆగుతారు.

పావు, ముప్పావు, మూడో వంతు

సగాన్ని మళ్ళీ సగం చేస్తే పావు. దిబ్బరొట్టెలోనూ, కాగితంలోనూ, పాలల్లోనూ ఇది పిల్లలకు వెంటనే వస్తుంది. లీటరు గిన్నెలో పాలను రెండు గ్లాసుల్లోకి, వాటిని నాలుగు గ్లాసుల్లోకి పోయించి, నాలుగూ తిరిగి గిన్నెలోకి వంపించండి. విడదీసిన ప్రతిసారీ తిరిగి కలిపించడం మరిచిపోవద్దు. రొట్టె ముక్కలను కూడా తినేముందు పళ్ళెంలో గుండ్రంగా చేర్చి పెట్టమనాలి. మూడు పావులు చేరితే ముప్పావు. ఇంకెంత చేరితే రొట్టె పూర్తవుతుంది?

అమ్మమ్మల ఇళ్ళలో ఇత్తడి కొలపాత్రలు అటకమీద ఇంకా ఉంటే దించండి. నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం. సోల దాటాక ఏ మెట్టు చూసినా దాని కిందిది దానిలో సగమే. బియ్యం పోస్తూ తవ్వ మానికలో అర, అడ్డలో పావు అని చేతితో తెలుసుకున్న పిల్లకు "దేనిలో?" అన్న ప్రశ్న ఇక కొత్తగా అనిపించదు, ఎందుకంటే అదే తవ్వ పక్కనున్న పాత్ర మారేసరికి అర కాస్తా పావైంది. పావలా, అర్ధరూపాయిలతో మాత్రం ఈ పాఠం చెప్పాలని చూడకండి. పావలా బిళ్ళ 2011 జూన్ 30 నుంచి చెల్లడం మానేసింది, ఇప్పటి పిల్లలు దాన్ని చూసి ఉండరు.

మూడో వంతుకు సగాల మీద సగాలు పనికిరావు, అందుకే అది పిల్లలకు కష్టం. వేసవిలో తాటికాయ చెక్కించి చూపించండి; సాధారణంగా మూడు ముంజెలుంటాయి, అప్పుడప్పుడు రెండే ఉంటాయి. కాగితాన్ని మూడుగా మడవడానికి ఉత్తరం మడిచినట్టు ఒక కొసను లోపలికి, రెండో కొసను దాని మీదికి తెచ్చి, అంచులు కలిసేదాకా సర్దుకోవాలి. మొదటిసారే కుదరకపోతే విసుక్కోకండి.

ఇప్పుడు కీలకమైన పోలిక. ఒకే కొలత గల రొట్టెలు రెండు తెచ్చి, ఒకదాన్ని ముగ్గురికి, రెండోదాన్ని నలుగురికి పంచమనండి. "నువ్వు ఏ జట్టులో కూర్చుంటావు?" అని అడగండి. ఆకలితో ఉన్న పిల్లలెవరూ నలుగురున్న జట్టులోకి వెళ్ళరు. మూడో వంతు నాలుగో వంతుకన్నా పెద్దదని వాళ్ళు చెప్పేశారు. భిన్నం గుర్తు రాయకముందే ఈ ఆట జరిగి ఉండాలి. తరువాత ఎప్పుడైనా 1/3, 1/4 చూసి తడబడితే, "ఏ జట్టు?" అన్న ఒక్క మాట చాలు.

మొత్తాన్ని మార్చి చూపడం

"పెద్ద దిబ్బరొట్టెలో పావు ఎక్కువా, చిన్న దిబ్బరొట్టెలో అర ఎక్కువా?" రొట్టెలు చూడనిదే ఈ ప్రశ్నకు జవాబు లేదు. పిల్లలు సాధారణంగా వెంటనే "అరే ఎక్కువ" అంటారు. రెండు రొట్టెలూ తెచ్చి కోసి చూపించండి. అలాగే ఎనిమిది అత్తాల గెలలో సగం అంటే నాలుగు అత్తాలు. పన్నెండు పళ్ళ అత్తంలో సగం అంటే ఆరు పళ్ళు. సగం మాట ఒకటే, చేతికి వచ్చేది వేరు.

దీన్ని తిరగేసి కూడా అడగాలి. మూడు చింతపిక్కలు చేతిలో పెట్టి, "ఇది మొత్తంలో పావు. మొత్తం ఎన్ని?" అనండి. భాగం నుంచి మొత్తానికి వెళ్ళడం పాఠ్యపుస్తకాల్లో తక్కువగా కనిపిస్తుంది. నా దృష్టిలో పిల్లలకు పావు నిజంగా అర్థమైందో లేదో తేల్చే పరీక్ష ఇదే. ఒక కాగితపు ముక్క ఇచ్చి, "ఇది అర అయితే పూర్తి కాగితం గీసి చూపించు" అని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో ఆకారం గీస్తారు. అన్నీ సరైనవే కావచ్చు.

ఏడెనిమిదేళ్ళు: తాడు మీద భిన్నం

రొట్టె ముక్కల దగ్గరే ఆగిపోయిన పిల్లలకు భిన్నం అంటే తినే ముక్క, అది సంఖ్య కాదు. ఆ అడ్డు దాటించడానికి కొబ్బరితాడు ఒకటి తీసుకుని, ఒక కొసన 0, కొంత దూరంలో 1, మళ్ళీ అంతే దూరంలో 2 అని చీటీలు కట్టండి. 0 నుంచి 1 దాకా ఉన్న తాడును మడిచి అర దగ్గర ముడి వేయించాలి. మళ్ళీ మడిచి పావు, ముప్పావు. ఆ తరువాత ఒకటిన్నర ఎక్కడ అని అడగాలి. కొందరు పిల్లలు 2 దాటి వెతుకుతారు, కొందరు తాడు మొత్తానికి మధ్యలో, అంటే 1 దగ్గర, పట్టుకుంటారు. రెండో తప్పు చాలా విలువైనది: తాడు మొత్తంలో సగం వేరు, సగం అనే సంఖ్య ఉండే చోటు వేరు. 0 నుంచి 1 దాకా ఉన్న దూరమే ఇక్కడ మొత్తమని అప్పుడు స్పష్టంగా చెప్పండి.

ఎనిమిది తొమ్మిదేళ్ళు: గుర్తు రాయడం

అమెరికా మనస్తత్వవేత్త జెరోమ్ బ్రూనర్ 1960ల్లో, నేర్చుకునేది ముందు చేతల్లో, తరువాత బొమ్మల్లో, ఆ తరువాత గుర్తుల్లో కుదురుకుంటుందని చెప్పాడు. ఇంతదాకా మనం నడిచినదీ ఆ దారే. ఇక గుర్తు రాయించవచ్చు. గీత కింద ముందు రాయించండి: మొత్తాన్ని ఎన్ని సమభాగాలు చేశాము? అది హారం. తరువాత గీత పైన: అందులో ఎన్ని తీసుకున్నాము? అది లవం. మనం చదివేటప్పుడు కూడా "నాలుగింట మూడు" అని హారాన్నే ముందు అంటాము కనుక రాత, నోటిమాట ఒకే దారిన పోతాయి. పై అంకె నుంచి మొదలుపెట్టి రాయించే పద్ధతి పిల్లలను అనవసరంగా తిప్పలు పెడుతుంది.

గుర్తులు వచ్చాక తప్పనిసరిగా ఎదురయ్యే పొరపాటు ఒకటుంది. 1/2 + 1/4 ఎంత అంటే పైన పైన కూడి, కింద కింద కూడి 2/6 అంటారు. వెంటనే కసాగు (కనిష్ఠ సామాన్య గుణిజం) పద్ధతి ఎత్తుకోవద్దు. కాగితాన్ని ఆరుగా మడిచి 2/6 ఎంతో చూపించమనండి. అది మూడో వంతంత ఉంది, అంటే అరకన్నా తక్కువ. "అర రొట్టెకు పావు రొట్టె కలిపితే అరకన్నా తగ్గిపోయిందా నాన్నా?" అని అడిగితే చాలు, మిగిలిన ఆలోచన వాళ్ళే చేస్తారు. అరను రెండు పావులుగా కోస్తే మొత్తం మూడు పావులు. సమాన భిన్నాలు అనే పాఠానికి అక్కడే తలుపు తెరుచుకుంటుంది.

ఇలాంటి అర, పావులను దాటి హారాలు వేరైన భిన్నాల కూడికలు, అడ్డగుణకారాలు, పెద్ద హారాలతో లెక్కలు ఈ వయసుకు అక్కరలేదు. కాగితం మడిచి గాని, తాడు మీద ముడి చూపి గాని తన జవాబును ఎదుటివారికి నిరూపించలేని పిల్లకు వాటిని మొదలుపెట్టవద్దు. ఏ మెట్టు దగ్గర తడబడితే ఆ మెట్టుకే తిరిగి వెళ్ళి, మొదట అడగవలసింది "ఇది దేనిలో?" అని. ఐదో తరగతిలో ఉన్న పిల్లవాడికైనా సరే, అవసరమైతే చింతపిక్కల దగ్గరికి వెళ్ళడానికి మొహమాటపడకూడదు.